అమెరికాలో రాష్ట్ర రాజకీయాల్లోకి పిల్లల్ని పంపొచ్చా? ఆశ పెట్టుకునేంత ఏమైనా ఉందా అక్కడ?

చలిఊరు (సెయింట్ పాల్ దగ్గర, మినెసోటా)

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మాయికి ఈ వసంతంలో డిగ్రీ పూర్తవుతుంది, పొలిటికల్ సైన్స్. మినెసోటా శాసనసభలో ఒక సభ్యురాలి దగ్గర సహాయకురాలిగా ఉద్యోగం దొరికేలా ఉంది. నియోజకవర్గం నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడం, ఉత్తరాలకు జవాబులు రాయడం, కమిటీ కాగితాలు సిద్ధం చేయడం, ఇదీ పని. జీతం మాత్రం అడక్కండి. మావారు మొహం గంటు పెట్టుకుని తిరుగుతున్నారు. మా అత్తగారైతే "సముద్రాలు దాటొచ్చింది ఇందుకేనా?" అని రోజూ ఒక చురక అంటిస్తున్నారు.

వాషింగ్టన్‌లో అంటే కనీసం చెప్పుకోడానికైనా బాగుండేదట! రాష్ట్ర రాజధాని అంటే మనవాళ్ళలో ఎవరికీ లెక్కే లేదు. నాకు రెండు సందేహాలు. అక్కడ నిజంగా జనానికి పనికొచ్చే పని ఏదైనా జరుగుతుందా? రెండోది, 2025 జూన్‌లో మా దగ్గర జరిగింది మీ అందరికీ తెలుసు. దాని గురించి తర్వాత రాస్తాను. రాష్ట్ర రాజకీయాలను దగ్గరగా చూసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

డాలస్ బావ

చెల్లెమ్మా, కుండబద్దలు కొట్టినట్టు చెప్తా, ఏమీ అనుకోవద్దు. మా టెక్సాస్‌లో శాసనసభ్యుడి జీతం నెలకు 600 డాలర్లు. రెండేళ్ళకోసారి, బేసి సంఖ్య వచ్చే ఏడాదిలో 140 రోజులు కూర్చుంటారు, అంతే. ఆ డబ్బుతో రాజధాని ఆస్టిన్‌లో గది అద్దె కూడా రాదు. మరి ఎలా బతుకుతారు? ఆస్తులుండాలి, లేదా లా ప్రాక్టీసు ఉండాలి, లేదా వెనక ఇంకెవరో ఉండాలి.

ఇల్లినాయ్‌లో 1960ల నుంచి గవర్నర్లైనవాళ్ళలో నలుగురు జైలుకెళ్ళారు. అక్కడ 36 ఏళ్ళు స్పీకర్ కుర్చీలో కూర్చున్న మైకేల్ మాడిగన్‌కి 2025లో ఏడున్నరేళ్ళ శిక్ష పడింది. ఒహాయో స్పీకర్ లారీ హౌస్‌హోల్డర్ కథ ఇంకా ఘోరం. కరెంటు కంపెనీ దగ్గర దాదాపు 6 కోట్ల డాలర్ల ముడుపుల కేసు, 20 ఏళ్ళ జైలు. మన దగ్గర రాజకీయాలు బాగోలేవని ఇక్కడికొచ్చాం, ఇక్కడా అదే తంతు. పిల్లను ఏదైనా డేటా కోర్సులో చేర్పించు.

రిచ్‌మండ్ రావు (వర్జీనియా)

బావగారు చెప్పినవన్నీ జరిగినవే, కాదనను. రిటైరయ్యాక ఇక్కడ పోలింగ్ రోజున బూత్‌లో పనిచేస్తున్నాను కాబట్టి నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్తాను.

2017 నవంబరు. వర్జీనియా ప్రతినిధుల సభకు ఎన్నికలు. మొత్తం 100 స్థానాలు. న్యూపోర్ట్ న్యూస్ వైపున్న 94వ స్థానంలో రిపబ్లికన్ డేవిడ్ యాన్సీ, డెమొక్రాట్ షెలీ సైమండ్స్. తిరిగి లెక్కపెడితే సైమండ్స్ ఒక్క ఓటుతో గెలిచింది. మర్నాడు ముగ్గురు జడ్జీల ముందుకు ఒక బ్యాలెట్ వచ్చింది. ఆ ఓటరు ఎవరోగానీ ఇద్దరి పేర్ల పక్కనా గుండ్రాలు నింపేశాడు, తర్వాత సైమండ్స్ గుండ్రం మీద ఒక గీత కొట్టాడు. ఆ గీతకు అర్థం ఏమిటని జడ్జీలు తల పట్టుకుని, చివరికి యాన్సీకే అన్నారు. చెరో 11,608.

ఇక చట్టం ప్రకారం చీటీ తీయాల్సిందే. 2018 జనవరి 4న రిచ్‌మండ్‌లో, కెమెరాల ముందు, రెండు పేర్లు రెండు కాగితాల మీద రాసి, పాత ఫిల్ము డబ్బాల్లో పెట్టి, పింగాణీ గిన్నెలో వేసి కలిపి ఒకటి తీశారు. యాన్సీ పేరొచ్చింది. దాంతో సభ 51-49గా రిపబ్లికన్ల చేతిలో ఉండిపోయింది. మనూళ్ళో సత్యనారాయణ వ్రతానికి లక్కీ డ్రా తీసినట్టు అసెంబ్లీ ఎవరిదో తేలిపోయింది.

ఇక్కడితో అయిపోలేదు. అంతకుముందు సభలో బలాబలాలు 66-34. అది 51-49కి వచ్చేసరికి ఏళ్ళ తరబడి మెడిక్‌ఎయిడ్ (పేదలకు ప్రభుత్వ వైద్య బీమా) విస్తరణకు అడ్డుపడినవాళ్ళకు గుండెల్లో రాయి పడింది. 2018లోనే 19 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి దానికి ఓటేశారు. 2019 జనవరి నుంచి సుమారు 4 లక్షల మంది పేదలకు వైద్య బీమా అర్హత వచ్చింది. ఓడినవాళ్ళ ఓట్లు కూడా పనిచేశాయన్నమాట. సైమండ్స్ రెండేళ్ళ తర్వాత మళ్ళీ నిలబడి గెలిచింది.

డాలస్ బావ

రావుగారూ, చీటీ కథ బాగుంది. కానీ దాన్ని చూసి ఆశ పడాలా, ఏడవాలా?

రిచ్‌మండ్ రావు

రెండూ. నాకైతే బూత్‌లో కూర్చున్నప్పుడల్లా ఆ గీతే గుర్తొస్తుంది. గుండ్రం సరిగ్గా నింపండమ్మా అని వచ్చినవాళ్ళకి పదేపదే చెప్తుంటాను.

తెనాలి తాతయ్య

మా మనవడు నార్త్ కరోలినాలో ఉంటాడు, వాడి పుణ్యాన ఈ చర్చ చదువుతున్నాను. నాదొక చిన్న సందేహం. అక్కడ ఒక ఎమ్మెల్యే ఎంతమందికి ఉంటాడు? మాకు 175 మంది, జనం దాదాపు 5 కోట్లు. అంటే ఒక్కొక్కరికి రెండున్నర లక్షల పైమాటే. మా ఎమ్మెల్యే దర్శనం పెళ్ళిళ్ళలోనే, అదీ భోజనాల దగ్గర.

నాషువా నాని (న్యూ హ్యాంప్‌షైర్)

తాతయ్యగారూ, మంచి ప్రశ్న. రాష్ట్రాన్ని బట్టి ఉంటుందండి. కాలిఫోర్నియాలో సుమారు 4 కోట్ల మందికి 40 మంది సెనేటర్లు (ఎగువ సభ సభ్యులు), అంటే ఒక్కొక్కరి కింద దాదాపు 10 లక్షల మంది. మా రాష్ట్రం దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క. 14 లక్షల జనాభాకి దిగువ సభలోనే 400 మంది. ఒక్కొక్కరు మూడున్నర వేల మందికి! జీతం ఏడాదికి 100 డాలర్లు. తప్పు చదవలేదు, ఏడాదికే. 1889లో రాజ్యాంగంలో రాశారు, ఇప్పటికీ అంతే. పైన కాస్త పెట్రోలు ఖర్చులిస్తారు.

మా వీధిలో ఉండే ప్రతినిధి మంచు పడితే తన ఇంటి ముందు తనే పార పట్టుకుని తీసుకుంటాడు. పలకరిస్తే ఆగి మాట్లాడతాడు. ఇక్కడ ఏ బిల్లు పెట్టినా బహిరంగ విచారణ జరిపి తీరాలి. నేను హెచ్-1బీ మీద ఉన్నా ఒకసారి రాజధాని కాంకర్డ్ వెళ్ళి స్కూళ్ళ నిధుల బిల్లు మీద మాట్లాడాను. పేరు రాసిచ్చి కూర్చుంటే పిలిచారు. నా ముందు మాట్లాడినాయన మేపుల్ సిరప్ అమ్ముకునే రైతు. కమిటీలో ఒక పెద్దావిడ స్వెటర్ అల్లుకుంటూ వింటోంది. వినట్లేదేమో అనుకున్నా. నేను చెప్పిన అంకె ఎక్కడిదని అడిగింది ఆవిడే. ఓటు లేనివాడివి నీకెందుకు అని ఎవరూ అనలేదు.

బావగారి పాయింటు కూడా ఉంది. 100 డాలర్లకి వారం మధ్యలో కాంకర్డ్ వెళ్ళి కూర్చోగలిగేది ఎవరు? పింఛన్లవాళ్ళు, డబ్బున్నవాళ్ళు. పిల్లలున్న నర్సు వెళ్ళగలదా? న్యూ మెక్సికోలో అసలు జీతమే లేదు, రోజు బత్తా మాత్రమే. నిస్వార్థం అని పేరు పెట్టి మధ్యతరగతిని బయట నిలబెట్టడం ఇది. నెబ్రాస్కాలో ఏడాదికి 12,000 ఇస్తారు, అక్కడ ఉన్నది ఒక్కటే సభ, 49 మంది, బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు. 1937 నుంచి నడుస్తోంది. నాకైతే ఆ పద్ధతి నచ్చుతుంది, జీతం మినహా.

పాలమూరు పిల్ల (మేరీల్యాండ్)

మా లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) అరుణా మిల్లర్ గురించి ఇంకా ఎవరూ రాయలేదేంటి? హైదరాబాద్‌లో పుట్టి, ఏడేళ్ళప్పుడు ఇక్కడికొచ్చారు. ఇంటిపేరు కాట్రగడ్డ. సివిల్ ఇంజనీరు. మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో పాతికేళ్ళు పనిచేశారు. స్కూళ్ళ దగ్గర పిల్లలు రోడ్డు దాటేదెలా, బస్టాపు ఎక్కడ పెట్టాలి, ఇలాంటి పనులు. 2010లో రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచారు. 2018లో అమెరికా కాంగ్రెస్‌కి (ఇక్కడి పార్లమెంటుకి) టికెట్ కోసం ప్రైమరీలో (పార్టీ లోపలి ఎన్నికలో) దిగి, సొంత డబ్బు దండిగా ఉన్న వ్యాపారి చేతిలో ఓడిపోయారు. అక్కడితో ఇంటికెళ్ళిపోతే అడిగేవాళ్ళు లేరు. 2022లో వెస్ మూర్‌తో కలిసి గెలిచారు. మూర్ మేరీల్యాండ్‌కి మొదటి నల్లజాతి గవర్నర్.

వాళ్ళు తెచ్చిన పథకాల్లో నాకు నచ్చింది ఒకటుంది. హైస్కూలు అయిన పిల్లలు ఒక ఏడాది ప్రజాసేవలో పనిచేయొచ్చు, గంటకు కనీసం 15 డాలర్లిస్తారు, పూర్తిచేస్తే 6,000 డాలర్లు అదనం. సేవ అంటే ఉచితంగా చేయాలి అనే ధోరణికి అది చక్కని జవాబు అని నా ఉద్దేశం. నాని చెప్పిన 100 డాలర్ల రాష్ట్రానికి వినిపించాలి.

ఇక మనవాళ్ళ సంగతి. ఆవిడ గెలిచాక శాలువా కప్పి ఫోటో దిగడానికి క్యూ కట్టారు. ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరగడానికి రమ్మని మా గ్రూపులో మెసేజ్ పెడితే ఎత్తిన చేతులు ఎన్నో చెప్పనా? ఎందుకులెండి, అందరూ ఈ ఫోరంలోనే ఉన్నారు.

రిచ్‌మండ్ రావు

😀 మా దగ్గరా అంతేనమ్మా. గజాలా హాష్మీ కూడా హైదరాబాద్‌లోనే పుట్టారు, చిన్నప్పుడే జార్జియా వచ్చేశారు. దాదాపు 30 ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పి, 2019లో మొదటిసారి పోటీచేసి రిపబ్లికన్ల చేతిలో ఉన్న సెనేట్ స్థానం గెలిచారు. 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. అమెరికాలో రాష్ట్రం మొత్తం ఓటేసే పదవికి గెలిచిన మొదటి ముస్లిం మహిళ. 40 మంది సెనేట్‌కి అధ్యక్షత ఆవిడదే, చెరి సగం పడితే తీర్పు ఓటూ ఆవిడదే. అంటే రెండు పక్కపక్క రాష్ట్రాలు, ఇద్దరూ హైదరాబాద్‌లో పుట్టినవాళ్ళు. చెల్లెమ్మగారి అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి.

చలిఊరు

వినిపించాను. "వాళ్ళు ఇంజనీర్లు, లెక్చరర్లు అయ్యాకే కదా వెళ్ళారు" అన్నారు. ఆవిడతో గెలవలేం.

సరే, మొదట్లో ఆపేసిన విషయం రాస్తాను. మెలిస్సా హోర్ట్‌మన్ మా పక్క ఊరు బ్రూక్లిన్ పార్క్ వైపు ప్రతినిధి. లాయరు. మొదట రెండుసార్లు ఓడిపోయి 2004లో గెలిచారు. 2019 నుంచి ఆరేళ్ళు స్పీకర్. 2023లో మాకు సెనేట్‌లో డెమొక్రాట్లకు ఒకే ఒక్క సీటు ఆధిక్యం, 34-33. ఇంత సన్నని దారిలో ఏం చేస్తారులే అనుకున్నారంతా. ఆ ఒక్క సెషన్‌లో బడిపిల్లలందరికీ ఉచితంగా పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, జీతంతో కూడిన కుటుంబ సెలవు, 2040కల్లా కాలుష్యం లేని కరెంటు చట్టం, అన్నీ పాస్ చేయించారు. కుటుంబ సెలవు ఈ 2026 జనవరి నుంచే అమల్లోకి వచ్చింది. మా చిన్నవాడు స్కూల్లో తింటున్నది ఆ భోజనమే. ఇదివరకు లంచ్ అకౌంట్‌లో డబ్బులైపోతే మెయిల్ వచ్చేది. ఇప్పుడు ఆ గొడవ లేదు, కౌంటర్ దగ్గర ఎవరు కట్టారో ఎవరు కట్టలేదో తోటి పిల్లలకు తెలిసే అవకాశమూ లేదు.

2024 ఎన్నికల్లో దిగువ సభ 67-67 అయింది. బడ్జెట్ పాస్ కాకపోతే ప్రభుత్వం మూతపడుతుంది. రిపబ్లికన్లు పెట్టిన షరతు, అనుమతి పత్రాలు లేని పెద్దవాళ్ళకు రాష్ట్ర ఆరోగ్య బీమా తీసేయాలని. ఆ బీమా ఇచ్చింది ఈవిడ పార్టీయే. ఒప్పందం కుదిర్చింది కాబట్టి మాట నిలబెట్టుకోవాలని, తన పార్టీవాళ్ళందరూ వద్దని ఓటేస్తే సభలో ఆవిడ ఒక్కరే దానికి అవునని ఓటేశారు. తర్వాత విలేకరుల ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ ఓటు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. కానీ తిట్లు తనే పడడానికి సిద్ధపడి, మిగతావాళ్ళ మీదకు నెట్టకుండా నిలబడ్డ మనిషిని నేనింకా మర్చిపోలేదు.

ఐదు రోజులకు, జూన్ 14 తెల్లవారుజామున పోలీసు వేషంలో వచ్చినవాడు ఆవిణ్ణీ భర్త మార్క్‌నీ ఇంట్లోనే కాల్చి చంపాడు. అదే రాత్రి సెనేటర్ జాన్ హాఫ్‌మన్ మీద, ఆయన భార్య మీద కూడా కాల్పులు జరిగాయి. వాళ్ళు బతికి బయటపడ్డారు. శాసనసభ భవనంలో హోర్ట్‌మన్ దంపతుల్ని ఉంచినప్పుడు వేలమంది వచ్చారు. పక్కనే వాళ్ళ కుక్క గిల్బర్ట్ చితాభస్మం. మా అమ్మాయి క్యూలో నిలబడి వచ్చి, అప్పుడే అంది ఈ పనే చేస్తానని. నాకు కడుపులో దేవినట్టైంది.

డాలస్ బావ

చెల్లెమ్మా, దీనికి నా దగ్గర వెటకారం లేదు. భయపడడం తప్పు కాదు. ప్రతినిధుల ఇంటి చిరునామాలు అందరికీ దొరికేలా ఉంచడం ఏమిటో ఈ దేశంలో. సహాయకులకు రక్షణ ఏర్పాట్లు ఏమున్నాయో చేరే ముందే అడగమనండి.

రోచెస్టర్ డాక్టరమ్మ (మినెసోటా)

నేనూ మినెసోటానే, కాబట్టి ఒక మాట. "పని జరుగుతుందా" అని అడిగారు కదా. అలెక్ స్మిత్ అని 26 ఏళ్ళ కుర్రాడు, మినియాపొలిస్‌లో రెస్టారెంట్ మేనేజరు. టైప్ 1 డయాబెటిస్. తల్లి బీమా కింద ఉండే వయసు దాటిపోయింది. ఇన్సులిన్, మిగతా సామాను కలిపి నెలకు 1,300 డాలర్లు. జీతం వచ్చేదాకా ఉన్నదాన్నే పొదుపుగా వాడాడు. బీమా పోయి నెల తిరక్కుండానే, 2017 జూన్‌లో ఒంటరిగా తన అపార్ట్‌మెంట్‌లో చనిపోయాడు.

తల్లి నికోల్ స్మిత్-హోల్ట్ శాసనసభ మెట్లెక్కడం మొదలుపెట్టారు. అప్పుడు హౌస్ (దిగువ సభ) డెమొక్రాట్లది, సెనేట్ రిపబ్లికన్లది. 2019లో బిల్లు కుదరలేదు. ఖర్చు కంపెనీలు పెట్టుకోవాలా, ప్రభుత్వమా అన్న దగ్గర ఆగిపోయింది. చివరికి 2020 ఏప్రిల్‌లో చట్టమైంది. ఇన్సులిన్ వారానికి సరిపడా కూడా మిగల్లేదనుకోండి, మినెసోటాలో ఉండే మనిషి నేరుగా మందుల షాపుకెళ్ళి 35 డాలర్లు కట్టి 30 రోజుల మందు తెచ్చుకోవచ్చు, ఏడాదికి ఒకసారి. చట్టానికి అలెక్ పేరే పెట్టారు. మందుల కంపెనీల సంఘం కోర్టుకెక్కింది, అది వేరే కథ.

నా దగ్గరకొచ్చే తెలుగు కుటుంబాల్లో షుగర్ లేని ఇల్లు తక్కువ. లేఆఫ్ అయి బీమా పోయినవాళ్ళకు ఈ చట్టం ఒకటుందని నేనే చెప్తుంటాను. ఆ బిల్లు వెనక ఎందరు సహాయకులు ఎన్ని ఫోన్లెత్తి ఉంటారో ఆలోచించండి. మీ అమ్మాయి ఎత్తబోయే ఫోన్లు అలాంటివే.

డాలస్ బావ

డాక్టరుగారూ, ఒప్పుకుంటా. కానీ మీది ఇంకా పోటీ ఉన్న రాష్ట్రం. విస్కాన్సిన్ చూడండి. 2018లో అసెంబ్లీకి డెమొక్రాట్లకు మొత్తం మీద 53 శాతం ఓట్లొచ్చాయి, సీట్లు 99లో 36. నియోజకవర్గాల సరిహద్దు గీతలు గీసినవాళ్ళే గెలిచారు. మా టెక్సాస్‌లో 2025 ఆగస్టులో పదేళ్ళు ఆగకుండా మధ్యలోనే కాంగ్రెస్ గీతలు మార్చేశారు. డెమొక్రాట్ ప్రతినిధులు సభ నడవకుండా రాష్ట్రం వదిలి ఇల్లినాయ్ పారిపోయి కూర్చున్నారు. ఫలితం ఏమిటి? తిరిగొచ్చారు, బిల్లు పాసయింది. దానికి బదులుగా కాలిఫోర్నియా తన గీతలు మార్చుకుంది. అందరూ అందరే.

ట్రాయ్ తులసి (మిషిగన్)

అన్నా, మిషిగన్ సంగతి వినండి మరి. 2016 ఎన్నికలయ్యాక కేటీ ఫేహీ అని 27 ఏళ్ళ అమ్మాయి, రాజకీయాలతో సంబంధం లేని ఉద్యోగం, ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టింది. నియోజకవర్గాల గీతల గోల తేల్చాలనుకుంటున్నా, ఎవరైనా వస్తారా అని. చివర్న నవ్వు బొమ్మ. వచ్చారు. వాలంటీర్లే 4 లక్షల పైగా సంతకాలు సేకరించారు. రెస్ట్ ఏరియాల్లో, ఫుట్‌బాల్ మ్యాచుల బయట. 2018లో 61 శాతం ఓట్లతో నెగ్గింది. ఇప్పుడు గీతలు గీసేది 13 మంది మామూలు పౌరులు. నలుగురు డెమొక్రాట్లు, నలుగురు రిపబ్లికన్లు, ఏ పార్టీకీ చెందనివాళ్ళు ఐదుగురు, దరఖాస్తుల్లోంచి లాటరీ తీస్తారు.

వాళ్ళు గీసిందీ వంకలేనిది కాదు. డెట్రాయిట్ వైపు 13 నియోజకవర్గాలను 2023లో కోర్టు కొట్టేసింది, మళ్ళీ గీశారు. అయినా 2022లో ఒక పార్టీ గెలిచింది, 2024లో హౌస్ ఇంకో పార్టీకి పోయింది. ఓట్లు మారితే సీట్లు మారుతున్నాయి. విస్కాన్సిన్‌లో కూడా కొత్త గీతలతో 2024లో 54-45 వచ్చింది కదా, అది చెప్పలేదేం?

డాలస్ బావ

అడిగితే చెప్పేవాణ్ణి 🙂

ఫ్రీమాంట్ వాసి

రాష్ట్ర రాజకీయాలు మనకెందుకు అనేవాళ్ళు 2023లో మా కాలిఫోర్నియా కుల వివక్ష బిల్లు ఎస్‌బీ 403 అప్పుడు ఎక్కడున్నారో మరి. శాసనసభ దాకా మన భాషలో అరుచుకున్నారు. రెండు సభల్లో పాసయింది, అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ వీటో చేశారు, ఉన్న చట్టాలే చాలని. నా దృష్టిలో అది పెద్ద తప్పు. మనవాళ్ళు అమెరికాకి అన్నీ తెచ్చుకున్నారు, అదీ తెచ్చుకున్నారు.

సిలికాన్ శర్మ

వీటో చేసి మంచి పని చేశారు. ఒక్క సమాజాన్ని అనుమానంగా చూసే చట్టం...

మోడరేటర్

దీనికి విడిగా ఒక చర్చ ఉంది, 40 పేజీలు దాటింది. అక్కడ కొట్టుకోండి. తర్వాతి మూడు సమాధానాలు తీసేశాను.

ఇంకో మాట, విరాళాల గురించి నాకు ప్రైవేటుగా అడుగుతున్నారు. హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్ళు రాష్ట్ర ఎన్నికలకు కూడా డబ్బు ఇవ్వకూడదు, చట్ట విరుద్ధం. గ్రీన్ కార్డు ఉంటే ఇవ్వొచ్చు. జీతం తీసుకోకుండా వాలంటీరుగా తిరగడానికి అభ్యంతరం లేదు. ఓటు మాత్రం పౌరసత్వం వచ్చాకే. గ్రీన్ కార్డుతో పొరపాటున కూడా ఓటరుగా నమోదు కావద్దు, తర్వాత పౌరసత్వానికే ఎసరొస్తుంది.

నాషువా నాని

బాబోయ్, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఫారం ఇచ్చి "ఓటరుగా నమోదు చేయమంటారా" అని అడుగుతారు, కంగారులో టిక్ పెట్టేవాళ్ళను చూశాను. జాగ్రత్త.

తెనాలి తాతయ్య

చలిఊరు అమ్మాయీ, మీ అత్తగారి వయసువాణ్ణి కాబట్టి అంటున్నా. నేను పంచాయతీ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. అర్జీ తెచ్చినవాడికి రాసిపెట్టే మనిషి ఒకడుండాలమ్మా. ఎమ్మెల్యే ఎలాంటివాడైనా, బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా మంచివాడైతే సగం పనులవుతాయి. ఆ పిల్లని వెళ్ళనివ్వు. మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించు, తెనాలి నుంచి చెప్పారని చెప్పు.

చలిఊరు

తాతయ్యగారూ, వినిపించాను. "తెనాలి వాళ్ళకేం, కబుర్లు చెప్తారు" అన్నారు గానీ, రాత్రి భోజనాల దగ్గర మనవరాలిని పిలిచి "ఆఫీసు ఎన్నింటికి?" అని అడిగారు. మావారు ఇంకా మాట్లాడట్లేదు. ఆయన బాధ జీతం.

డాలస్ బావ

బీమా ఇస్తారా? పింఛను పథకం ఉందా? అవి రెండూ ఉంటే బావగారికి నేను ఫోన్ చేసి చెప్తా.

చలిఊరు

రెండూ ఉన్నాయన్నయ్యా. రక్షణ ఏర్పాట్ల గురించి మీరు చెప్పినట్టే ఇంటర్వ్యూలో అడిగింది, వివరంగా చెప్పారట. ఫోన్ నంబరు మీకు మెసేజ్ పెడుతున్నాను. ఆదివారం మధ్యాహ్నం చేయండి, క్రికెట్ అయ్యాక.